మళ్లీ లేవడానికి ఎంతసేపు?

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ నడిచిన ఆ నాలుగు రోజులూ లీలామహల్ సర్కిల్ దగ్గర మేము టీ తాగే బంకు ఒక వార్ రూమ్ అయిపోయింది. చేతుల్లో ఫోన్లు, నోటి నిండా లెక్కలు. మనకు రఫేల్‌లు 36, సుఖోయ్‌లు ఇన్ని, అవతలివాళ్లకు ఎఫ్-16లు ఇన్ని. ఎవరికి ఎక్కువుంటే వాళ్లదే పైచేయి అని తేల్చేశారు. బెంచీ చివర గ్లాసు పట్టుకుని కూర్చున్న సార్జెంటు మామ అంతా విని ఒకే మాట అడిగాడు.

“పొద్దున పోయొచ్చిన ఫ్లైటు మళ్లా ఎంతసేపటికి లేస్తాదో ఎవురన్నా చెప్తారా అబ్బా? అది తెలీకుండా ఎన్నుండాయో లెక్కేసి ఏం చేసుకుంటారు?”

ఆయన సొంతూరు పలమనేరు పక్కన. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేరాడు. 1971 యుద్ధం నాటికి పంజాబ్‌లో ఒక స్టేషన్‌లో కార్పొరల్. రిటైరయ్యాక తిరుపతిలో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆ ప్రశ్న పట్టుకుని తర్వాత చాలా సాయంత్రాలు ఆయన వరండాలో కూర్చున్నాను. ఆయన చెప్పిందీ నేను చదివిందీ కలిపితే నాకు అర్థమైంది ఇది.

మన దగ్గర ఒక ఫైటర్ స్క్వాడ్రన్ అంటే మామూలుగా 16 యుద్ధ విమానాలు, 2 ట్రైనర్లు. 16 అనేది కాగితం మీది అంకె. ఏ రోజు పొద్దున చూసినా వాటిలో కొన్ని హ్యాంగర్‌లో విప్పేసి ఉంటాయి, ఒకటో రెండో ఏదో స్పేర్ పార్ట్ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఊరికే లెక్క కోసం 12 సిద్ధంగా ఉన్నాయనుకుందాం. విమానం ఒకసారి లేచి పని చూసుకుని దిగితే ఒక సార్టీ. ఒక్కో విమానం రోజుకు రెండుసార్లు పోయివస్తే 24 సార్టీలు. అవే విమానాలు నాలుగుసార్లు పోగలిగితే 48. కొత్తగా ఒక్కటి కూడా కొనకుండానే బలం రెట్టింపయింది. ఆ రెట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తే, విమానం దిగినప్పటి నుంచి మళ్లీ లేచేదాకా నేల మీద గడిచే సమయం దగ్గరికి చేరతాం. ఆ సమయం మొత్తం మెకానిక్‌ల చేతిలో ఉంటుంది.

1967 జూన్ 5న ఇజ్రాయెల్ ఈ లెక్కను ప్రపంచానికి చూపించింది. ఆ రోజు పొద్దున దాదాపు 200 ఇజ్రాయెల్ విమానాలు ఈజిప్ట్ ఎయిర్‌బేస్‌ల మీద పడ్డాయి. తిరిగొచ్చిన విమానంలో ఇంధనం నింపి, బాంబులు తగిలించి, మళ్లీ పంపడానికి చాలాసార్లు పది నిమిషాలు కూడా పట్టలేదు. అలా అలలు అలలుగా వస్తూనే ఉన్నాయి. ఇజ్రాయెల్‌కు అన్ని విమానాలు లేవని ఈజిప్ట్‌కు తెలుసు. అందుకే అమెరికా, బ్రిటన్ విమానాలు కూడా దాడిలో కలిశాయని బహిరంగంగా ఆరోపించింది. గ్రౌండ్ క్రూ పనితనం ముందు లెక్కలు తప్పిపోయాయి మరి! నాకు తెలిసి నేల మీద పనిచేసే మెకానిక్‌కు శత్రువు ఇచ్చిన సర్టిఫికెట్ ఇంతకన్నా గొప్పది ఇంకోటి లేదు.

ఆ పది నిమిషాల పనిని మన ఎయిర్‌ఫోర్స్ భాషలో టర్న్ రౌండ్ సర్వీసింగ్ అంటారు. పొడి అక్షరాల్లో టీఆర్ఎస్. ఆ పేరు వినగానే మన రాష్ట్రాల్లో వేరే గుర్తుకొస్తుంది కానీ, ఎయిర్‌మెన్‌కు ఇది పార్టీ పుట్టకముందు నుంచీ ఉన్న మాట. రోజు మొదట్లో చేసేది బీఎఫ్ఎస్, చివరి ఫ్లైట్ దిగాక చేసేది ఎల్ఎఫ్ఎస్. మధ్యలో ఎన్నిసార్లు దిగితే అన్ని టీఆర్ఎస్‌లు.

విమానం దిగి ఆగగానే అందరూ మీద పడిపోరు. అప్పుడే దిగిన ఫైటర్ చక్రాల బ్రేకులు కాలిపోతుంటాయి. ఆ వేడికి టైరు పేలితే ముక్కలు పక్కలకు కొడతాయి. కాబట్టి చక్రం దగ్గరికి ముందు నుంచో వెనక నుంచో పోవాలి, పక్క నుంచి పోకూడదు. చక్రాలు కదలకుండా చాక్స్ అనే దిమ్మలు పెట్టాలి. పైలట్ కూర్చున్న సీటు కింద పేలుడు మందు ఉంటుంది, ఆపదలో ఆయన్ను బయటికి విసిరేసేది అదే. ముందు దానికి సేఫ్టీ పిన్నులు గుచ్చాలి. ఇంధనం ట్యూబు తగిలించేముందు ఎర్త్ వైరు కలపాలి, లేదంటే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ చాలు అంతా అంటుకోవడానికి. ఇంధనంలో నీళ్లు చేరాయేమోనని కాస్త వంపి సీసాలో పట్టి చూడాలి. పైలట్ పీల్చే ఆక్సిజన్ నింపేవాడి చేతికి గ్రీజు మరక కూడా ఉండకూడదు. ఒత్తిడితో వచ్చే స్వచ్ఛమైన ఆక్సిజన్‌కు నూనె తగిలితే అగ్గిపుల్ల గీయకుండానే మంట పుడుతుంది. “మా ఇంజినోళ్లను ఆక్సిజన్ ట్రాలీ దగ్గరికే రానిచ్చేవాళ్లు కాదు, అంటు ముట్టు మాదిరి” అంటాడు మామ.

శాంతి కాలంలో వీటిలో చాలా పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. ఒక పక్క ఇంధనం నింపుతుంటే ఇంకో పక్క తుపాకీ గుళ్లు ఎక్కించరు. యుద్ధం వచ్చేసరికి చాలా దేశాల్లో ఇవి ఒకేసారి సాగుతాయి. ప్రమాదం పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ విమానం నేల మీద ఎక్కువసేపు నిలబడి ఉండటం అంతకన్నా పెద్ద ప్రమాదం. అందుకే యుద్ధంలో మెకానిక్ తలలో ఎప్పుడూ ఒక తూకం నడుస్తుంటుంది. ఏది ఇప్పుడే చేయాలి, దేన్ని రాత్రికి వాయిదా వేయొచ్చు? రంగు ఊడిపోతే పోనీ. ఒక ప్యానెల్ దగ్గర చిన్న చెమ్మ కనిపిస్తే రాసిపెట్టి వదిలేయొచ్చు. కంట్రోల్ రాడ్‌లు, బ్రేకులు, ఆక్సిజన్, సీటు విషయంలో మాత్రం బేరం లేదు.

ఈ సమయాన్ని తగ్గించడంలో కొంత పాత్ర విమానం డిజైన్ చేసినవాళ్లది కూడా. బ్రిటిష్ హంటర్‌నే చూడండి. దాని ముక్కు కింద 30 మిల్లీమీటర్ల తుపాకులు నాలుగు, వాటి గుళ్ల పెట్టెలు అన్నీ కలిపి ఒకే మూటగా ఉంటాయి. గుళ్లు అయిపోయి దిగితే ఒక్కొక్క పెట్టె తెరిచి బెల్టులు ఎక్కించే పని లేదు. చేతి విన్చ్‌తో మూట మొత్తాన్ని కిందికి దించి, గుళ్లు నింపి సిద్ధంగా ఉంచిన ఇంకో మూటను పైకి లాగి బిగిస్తారు. గొట్టాలు మాత్రం విమానంలోనే ఉండిపోతాయి. పాత మూట చెట్టు కింద తీరిగ్గా నింపుకోవచ్చు, అప్పటికి విమానం ఆకాశంలో ఉంటుంది. 1971 డిసెంబర్ 5న లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల్ని ఆపింది జైసల్మేర్ నుంచి లేచిన ఈ హంటర్లే. తొలుత ఉన్నవి నాలుగే. వాటికి రాత్రిపూట దాడి చేసే సౌకర్యం లేదు కాబట్టి తెల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. తెల్లారాక జంటలు జంటలుగా పగలంతా పోతూ వస్తూ ఉన్నాయి. గుప్పెడు విమానాలు ఒక రోజంతా అలా తిరిగాయంటే, ఆ ఇసుకలో రాకెట్లు ఎక్కించినవాళ్లు ఎంతసేపు కూర్చుని ఉంటారో ఊహించుకోవచ్చు.

నాట్ కథ వేరే. బెంగళూరు హెచ్ఏఎల్‌లో తయారైన ఈ బుల్లి ఫైటర్ పొడవు 9 మీటర్లు కూడా లేదు. నేల మీద నిలబడే చాలా పనులు చేసుకోవచ్చు, నిచ్చెన అక్కర్లేదు. అందుకే దాన్ని తిప్పి పంపడం సులువు. కానీ దాని తుపాకులు జామ్ అయ్యేవి. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు తుపాకీ మొరాయిస్తే పైలట్‌కు టెన్షన్ సరే, ఆ తుపాకీ నింపి పంపిన ఆర్మమెంట్ ఫిట్టర్ పరిస్థితి ఏమిటి? మిగ్-21కు ఇంకో తలనొప్పి ఉంది. దిగగానే వేగం తగ్గించడానికి తోక దగ్గర పారాచూట్ విచ్చుకుంటుంది. దిగిన ప్రతిసారీ దాన్ని ఏరుకొచ్చి, మడిచి, తొక్కి తొక్కి మళ్లీ డబ్బాలో కుక్కాలి. ఇంజిన్ మార్చాలంటే విమానం వెనక సగాన్ని ఊడదీసి పక్కకు జరపాలి.

ఇదంతా ఒక్కడి పని కాదు. ఎయిర్‌ఫ్రేమ్, ఇంజిన్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్, రేడియో, ఆర్మమెంట్ అని ట్రేడ్‌లుగా విడగొట్టారు. ఒకరి పనిలో ఒకరు చెయ్యి పెట్టరు. ప్రతి ట్రేడ్‌వాడూ తన పని చూసి ఫారం 700 అనే పుస్తకంలో సంతకం పెడతాడు. వాళ్లపైన సూపర్‌వైజర్ సంతకం. చివరికి పైలట్ విమానం చుట్టూ తిరిగి చూసుకుని, ఆ పుస్తకం చదివి, నేను తీసుకుంటున్నానని సంతకం చేస్తాడు. అంతవరకు ఆ విమానం ఆయనది కాదు. ఏ దేశం ఎయిర్‌ఫోర్స్‌లో చూసినా మెకానిక్‌లు చెప్పుకునే జోకు ఒకటుంది. విమానం మాది, పైలట్ కాసేపు అప్పు తీసుకుంటాడు, విరగ్గొట్టి తెచ్చిస్తాడు అని. ఫారం 700 ప్రకారం చూస్తే అది జోకు కాదు, నిజమే. విమానం కూలితే మొట్టమొదట సీలు వేసి తీసుకుపోయేది ఆ పుస్తకాన్నే.

సంతకం ఎంత బరువో నాకు ఒక సాయంత్రం అర్థమైంది. మామ లోపలికి పోయి రెండు బోల్టులు, సన్నటి తీగ, ఒక కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. బోల్టుల తలలకు అడ్డంగా చిన్న రంధ్రాలు ఉన్నాయి. ఇంజిన్ వణుకుడికి బోల్టు మెల్లగా వదులవుతుంది. అలా కాకుండా ఒక బోల్టు రంధ్రంలోంచి తీగ తీసి, రెండు పోగుల్నీ మెలి తిప్పుకుంటూ పోయి పక్క బోల్టుకు కట్టేస్తారు. అదే లాకింగ్ వైర్. నన్ను కట్టమన్నాడు. నేను ప్లేయర్‌తో గట్టిగా తిప్పి బ్రహ్మాండంగా కట్టాననుకున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, “ఇది బోల్టును ఇప్పేదానికి సాయం చేస్తా ఉండాది గదప్పా” అన్నాడు. తీగ లాగే వైపు బోల్టు బిగిసే వైపే ఉండాలట. నేను కట్టింది తిరగబడింది. బోల్టు వదులవబోతే తీగ అడ్డుపడాలి కానీ, నాది దారి ఇచ్చింది. చివర మిగిలిన ముక్కను కత్తిరించి లోపలికి వంచకపోతే తర్వాత చెయ్యి పెట్టినవాడి వేలు తెగుతుంది. ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇప్పటికీ సన్నటి తెల్ల గీతలు ఉన్నాయి. డిసెంబర్‌లో పంజాబ్ చలికి గ్లవ్స్ వేసుకుంటే ఈ తీగ మెలిక పడదు. గ్లవ్స్ తీస్తే ఇనుము తగిలి వేళ్లు మొద్దుబారతాయి. పైగా బ్లాక్‌అవుట్. టార్చి అద్దానికి రంగు కాగితం అంటించుకుని, ఆ గుడ్డి వెలుతురులో, పలమనేరు ఎండలో పెరిగిన మనిషి ఈ తీగలు కట్టాడు.

పనిముట్ల లెక్క ఇంకో కథ. ప్రతి స్పానర్‌కూ పెట్టెలో దాని ఆకారంలో గుంట ఉంటుంది. పని అయ్యాక ఒక గుంట ఖాళీగా కనిపిస్తే విమానం ఎగరదు, యుద్ధమైనా సరే. జెట్ ఇంజిన్ వాక్యూమ్ క్లీనర్ లాంటిది, ముందున్నదంతా లోపలికి పీల్చుకుంటుంది. ఒక చిన్న స్క్రూ పోయినా లోపలి బ్లేడ్లు నుజ్జవుతాయి. ఒక రాత్రి స్క్రూడ్రైవర్ కనిపించక నలుగురు గంటన్నర వెతికారట. చివరికి అది ఒకాయన స్వెటర్ లోపల దొరికింది. ఆయన్ని కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదని మామ నవ్వాడు.

దీన్నంతా ఇంకొంచెం పైనుంచి చూద్దాం. విమానం భాగాలకు ఆయుష్షు ఉంటుంది, ఇన్ని గంటలు ఎగిరితే ఈ పరీక్ష, ఇన్ని గంటలకు ఇంజిన్ దించాలి అని. శాంతి కాలంలో ఒక విమానం నెలకు ఎగిరే గంటలు యుద్ధంలో కొద్ది రోజుల్లోనే కరిగిపోతాయి. అన్ని విమానాలకూ ఒకేసారి గడువు వచ్చి పడితే స్క్వాడ్రన్ మొత్తం హ్యాంగర్‌లో కూర్చుంటుంది. మన ఊళ్లో దీన్ని వివరించడం సులువు. గరుడసేవ రోజు తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు తెరిపి లేకుండా తిరగాలి. డిపోలో సగం బస్సులకు అదే వారం ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్ష పడితే? అందుకే ఇంజినీరింగ్ ఆఫీసర్ నెలల ముందు నుంచే ఏ విమానం ఎన్ని గంటలు ఎగరాలో మెట్లు మెట్లుగా పంచుతాడు. ఒకటి గడువుకు దగ్గరగా, ఒకటి సగంలో, ఒకటి కొత్తగా. స్పేర్ పార్ట్ దొరక్కపోతే ఒక విమానంలో ఊడదీసి ఇంకోదానికి పెడతారు. రెండు కుంటివాటి కన్నా ఒకటి నడిచేది మేలు. కానీ ఆ పనిని ఏ మెకానిక్కూ ఇష్టపడడు, ఎందుకంటే విప్పే పని, బిగించే పని రెండూ రెట్టింపవుతాయి.

ఈ పని మన దేశంలో ఎప్పుడు మొదలైందంటే, ఎయిర్‌ఫోర్స్ పుట్టిన నాటి నుంచే. 1933 ఏప్రిల్ 1న కరాచీ డ్రిగ్ రోడ్‌లో తొలి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు ఉన్నవి నాలుగు వాపిటీ విమానాలు, వాటిని చూసుకోవడానికి 19 మంది హవాయి సిపాయిలు. ఎయిర్‌మన్ అనడానికి అప్పుడు వాడిన మాట అది, నాకు ఇప్పటికీ అదే బాగుంది. 1942లో ఇదే స్క్వాడ్రన్ బర్మాలో ఉన్నప్పుడు, నిఘా కోసం తయారైన లైసాండర్ విమానాలకు 250 పౌండ్ల బాంబులు తగిలించి పంపింది. 1944లో ఇంఫాల్ ముట్టడి సమయంలో అర్జన్ సింగ్ నాయకత్వంలో హరికేన్‌లు ఎగరేసింది కూడా వాళ్లే. హరికేన్ వెనక భాగం పైన రేకు ఉండదు, గుడ్డ ఉంటుంది. తూటా ఒక పక్క దూరి ఇంకో పక్క పోతే గుడ్డ అతికించి, డోప్ అనే మందు పూసి ఆరబెడితే సరి. దర్జీ పని వచ్చినవాడికి అక్కడ గౌరవం.

ఆ యుద్ధంలో మన పక్కనున్న బెంగళూరు కూడా ఒక పెద్ద మరమ్మతుల షెడ్డు. 1940 డిసెంబర్‌లో మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ 1943లో అమెరికా వైమానిక దళం చేతికి వెళ్లి, 84వ ఎయిర్ డిపో పేరుతో వాళ్ల విమానాలను ఓవర్‌హాల్ చేసింది. స్క్వాడ్రన్‌లో తేలని పని హ్యాంగర్‌కు, అక్కడా తేలనిది ఇలాంటి డిపోకు పోతుంది. ఆ వరస ఇప్పటికీ అంతే.

నేల మీద ఉన్నారు కాబట్టి వీళ్లు సురక్షితం అనుకుంటాం. శత్రువుకు అన్నిటికన్నా సులువైన గురి నేల మీద నిలబడి ఉన్న విమానమే, దాని పక్కనే వీళ్లుంటారు. 1965 సెప్టెంబర్ 6న పఠాన్‌కోట్ మీద పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలు దాడి చేసి సుమారు పది విమానాలను నేల మీదే తగలబెట్టాయి. ఆ దెబ్బతో బుద్ధి వచ్చి, విమానాన్ని ఒక్కోదాన్ని విడిగా దాచే బ్లాస్ట్ పెన్‌లు కట్టారు. 1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ మళ్లీ అదే ఎత్తు వేసింది కానీ ఈసారి విమానాలు పెద్దగా దొరకలేదు. రన్‌వేల మీద గుంతలు మాత్రం పడ్డాయి. భుజ్ రన్‌వే దెబ్బతింటే మాధాపర్ గ్రామానికి చెందిన దాదాపు 300 మంది ఆడవాళ్లు 72 గంటల్లో దాన్ని మళ్లీ వాడుకునేలా చేశారు. తూర్పున దీనికి రివర్స్ జరిగింది. ఢాకా తేజ్‌గావ్ రన్‌వేను మన మిగ్-21లు తవ్వి పోశాయి. అక్కడ మిగిలిన సేబర్‌లు బాగానే ఉన్నాయి, కానీ లేవడానికి దారి లేదు. టీ బంకు లెక్కలో మాత్రం అవన్నీ విమానాలే.

ఇంతకీ యుద్ధంలో మెకానిక్‌కు అన్నిటికన్నా కష్టమైన పని ఏదని అడిగాను. చలి అనో, నిద్ర లేకపోవడమనో, బాంబుల భయమనో చెప్తాడనుకున్నాను. “ఎదురుచూసేది” అన్నాడు. విమానం లేచాక చేయడానికి ఏమీ ఉండదు. చాక్స్, నిచ్చెన దగ్గర పెట్టుకుని ఆకాశం చూస్తూ ఉండటమే. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ రెక్కల మీది తుపాకీ రంధ్రాలకు దుమ్ము, మంచు పోకుండా ఎర్ర గుడ్డ అంటించేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు ఆ గుడ్డ చిరిగి ఉంటే ఎక్కడో కాల్పులు జరిగాయని దూరం నుంచే తెలిసేది. జెట్‌లకు ఆ సౌకర్యం లేదు. ఎన్ని పోయాయి, ఎన్ని తిరిగొస్తున్నాయి అని లెక్కపెట్టుకోవడమే.

ఒక మధ్యాహ్నం నాలుగు పోయి మూడే వచ్చాయట. రానిది మామ సంతకం పెట్టి పంపిన విమానం. శత్రువు కొట్టాడా, లేక తన చేతి బోల్టు వదిలిందా? దేశం అవతల కూలితే శకలాలు కూడా చేతికి రావు, ఎప్పటికీ తెలియదు. ఆ రాత్రంతా పడుకోకుండా తాను ముట్టుకున్న ప్రతి బోల్టునూ, ప్రతి తీగనూ వరసగా తలచుకున్నాడు. ఎడమ పక్క రెండో ప్యానెల్ మూసేముందు చూశానా లేదా అన్న దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోయేవాడు.

తెల్లారుజామున ఫోన్ వచ్చింది. ఇంధనం చాలక పైలట్ వేరే స్టేషన్‌లో దిగాడు, క్షేమంగా ఉన్నాడు, విమానానికి ఏమీ కాలేదు, టిఫిన్ చేసి వస్తాడు అని.

“అప్పుడు ఏడుపొచ్చిందా మామా?” అన్నాను.

“ఏడుపెందుకొస్తాదప్పా, కోపమొచ్చింది. ఆడ నా బండికి టీఆర్ఎస్ ఎవుడు చేసినాడో, లాకింగ్ వైర్ ఎట్ల కట్టినాడో. వచ్చినంక మొత్తం ఇప్పి మళ్లా చూసినా.”